మూత తియ్యని పెట్టె

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు చంద్రరావుకు సినిమాలో వేషం వచ్చిందని అందరికంటే ముందు తెలిసింది పక్కింటి రాజరత్నం మాస్టారికి. ఆ వేషం ఎలా వెయ్యాలో అడగడానికి చంద్రరావు వెళ్ళవలసింది ఆయన దగ్గరికే మరి.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చంద్రరావు పరిషత్తు నాటకాలు ఆడుతున్నాడు. తండ్రి వేషాలకు పెట్టింది పేరు. చిన్న వయసులోనే జుట్టు ఊడిపోవడం వల్ల ఆ వేషాలు దక్కాయని భార్య సూర్యకళ ఎగతాళి చేసేది. రెండువేల ఒకటి వేసవిలో రాజమండ్రిలో జరిగిన పోటీలు చూడ్డానికి హైదరాబాదు నుంచి అశోక్ అనే కొత్త దర్శకుడు వచ్చాడు. నాటకం అయ్యాక, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న చంద్రరావు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"యుద్ధం పేరు చెప్పుకుని మేడలు కట్టినవాళ్ళ మీద సినిమా తీస్తున్నానండి. మిలట్రీకి శవపేటికలు సప్లై చేసే కాంట్రాక్టరు కథ. గంటన్నరసేపు జనం పడి పడి నవ్వుతారు. అప్పుడు ఒక పెట్టె ఒక తండ్రి ఇంటికి వస్తుంది. అంతసేపూ దేనికి నవ్వామా అని వాళ్ళకే సిగ్గేస్తుంది. ఆ తండ్రి వేషం మీరు వెయ్యాలి" అన్నాడు.

చంద్రరావు ఆలోచించుకుంటానని ఇంటికి వచ్చేశాడు.

రాజరత్నం మిషన్ బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకూ భార్య సంపూర్ణమ్మకూ ఐజాక్ ఒక్కడే కొడుకు. మిలట్రీలో చేరాడు. అంతకు రెండేళ్ళ కిందట కార్గిల్ యుద్ధంలో చనిపోయాడు. శవం విమానంలో విశాఖపట్నం వచ్చింది. తీసుకురావడానికి వెళ్ళిన నలుగురిలో చంద్రరావు ఒకడు. మిగతావాళ్ళు ముందు జీపులో ఎక్కితే, అతను మిలట్రీ లారీలో పెట్టె పక్కన కూర్చుని ధవళేశ్వరం దాకా వచ్చాడు. పెట్టె తెరవవద్దని విశాఖలోనే గట్టిగా చెప్పారు. ఇక్కడా తెరవలేదు. వర్షంలో జెండా కప్పి, తుపాకులు పేల్చి, కాలవ గట్టు దగ్గరున్న సమాధుల తోటలో పూడ్చిపెట్టారు.

ఆ రోజు పెట్టెను ఇంటి ముందు దించినప్పుడు రాజరత్నం ఏడవలేదు. పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి కాస్త వంచి ఆగాడు. తర్వాత లేచి పక్కకు వెళ్ళిపోయాడు. దగ్గర నిలబడ్డ చంద్రరావుకు తప్ప అది ఎవరికీ కనిపించలేదు.

మాస్టారి ఇంటికి వెళ్ళి వేషం సంగతి చెప్పి, చంద్రరావు నేల చూపులు చూస్తూ అడిగాడు.

"మాస్టారూ, ఆ రోజు మీరు మూత మీద కొట్టారు. అది నేను చెయ్యొచ్చా? మీరు వద్దంటే ఆ వేషమే వద్దంటాను."

లోపల సంపూర్ణమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"వాడికి పొద్దున్నే లేవడం కష్టంగా ఉండేదండి. బడి టైమైపోతే తలుపు మీద అలా రెండుసార్లు కొట్టేవాణ్ణి. అదే అలవాటుగా చెయ్యి వెళ్ళింది" అన్నాడు ఆయన. "ఆఖరిసారి సెలవుకొచ్చినప్పుడు వాడి బూట్లు చూశారా మీరు? అడుగు ఊడిపోతే తాడు కట్టుకున్నానని నవ్వేవాడు. అవి అమ్మినవాడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు. చెయ్యండి చంద్రరావు గారూ. ఆ అమ్మినవాడు కూడా ఎప్పుడో సినిమాకు వెళ్తాడు కదా. చూస్తాడు."

షూటింగు ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల పక్కన ఒక పెంకుటింట్లో జరిగింది. చంద్రరావుకు మాటలు లేవు. పెట్టె దించుతారు, అతను వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు కొట్టి ఆగాలి. అంతే. ఒక్క టేకులో అయిపోయింది. అశోక్ కట్ చెప్పాక కూడా యూనిట్‌లో ఎవరూ కదల్లేదు. కెమెరా మనిషి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అశోక్ వచ్చి చంద్రరావు రెండు చేతులూ పట్టుకుని, "ఇదండీ నా సినిమా" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే రాజరత్నం ఒక్కటే అడిగాడు.

"చెవి వంచి ఆగారా?"

"ఆగానండి."

"మంచిది" అన్నాడాయన.

దసరా ముందు సినిమా విడుదలైంది. పేరు 'జై జవాన్ ట్రేడర్స్'. గోడల మీద పోస్టరులో పేరున్న హాస్యనటుడు శవపేటిక మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని నోట్లకట్టతో విసురుకుంటున్నాడు. బస్టాండు గోడ మీద అది చూసి చంద్రరావు మనసు కీడు శంకించింది. రాజరత్నమే సర్దిచెప్పాడు.

"ముందు నవ్విస్తారని చెప్పాడన్నారు కదండీ."

సంపూర్ణమ్మ రానంది. "నేను ఒకసారి చూశాను తమ్ముడు గారూ, మళ్ళీ చూడలేను. మీరిద్దరూ వెళ్ళి రండి. ఎలా ఉందో ఆయన చెప్తారు" అంది. రాజరత్నం చర్చికి కట్టుకునే తెల్ల పంచె కట్టుకుని బయల్దేరాడు. రాజమండ్రిలో మ్యాట్నీకి వెళ్ళారు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

సినిమా నవ్వించలేదు. కాంట్రాక్టరు జారిపడడం, బావమరిది చేత తన్నులు తినడం, మధ్యలో పాటలు. శవపేటికలకు మూడింతలు ధర వేసే సీను ఒకటి వచ్చింది గాని, అదీ ఆఫీసరు విగ్గు ఊడిపోయే హాస్యంలో కొట్టుకుపోయింది. ముందు వరసలో ఒకడు రెండుసార్లు ఈల వేసి ఊరుకున్నాడు. వెనకాల ఎవరో నిద్రపోయి గురక పెడుతున్నారు.

ఇంటర్వెల్ అయ్యాక ఇన్‌కంటాక్సు వాళ్ళకు భయపడి కాంట్రాక్టరు ఒక శవపేటికలో దాక్కున్నాడు. లారీవాళ్ళు ఆ పెట్టెను ఎత్తుకుపోయారు. తెర మీదకు లొల్ల దగ్గర పెంకుటిల్లు వచ్చింది.

తెర మీద చంద్రరావు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండుసార్లు కొట్టాడు. చెవి వంచి ఆగాడు.

లోపలి నుంచి ఎవరో రెండుసార్లు తిరిగి కొట్టారు. "కాస్త ఆగండి బాబూ, నిద్రలో ఉన్నాను" అని హాస్యనటుడి గొంతు. డప్పు మోత. తెర మీద తండ్రి కాళ్ళు పైకి లేచేలా వెనక్కి పడ్డాడు. ఆ పడ్డది చంద్రరావు కాదు, అలాంటి చొక్కాయే వేసిన వేరే మనిషి. హాల్లో అంతసేపట్లో మొదటిసారి నలుగురైదుగురు నవ్వారు.

చంద్రరావు లేచి నిలబడ్డాడు. "వెళ్ళిపోదాం రండి మాస్టారూ" అన్నాడు.

రాజరత్నం కళ్ళు తెర మీదే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఉండండి. తర్వాత ఏమవుతుందో చూద్దాం."

తర్వాత ఆ తండ్రికి కొడుకు దొరికాడు. పెట్టెలు తారుమారయ్యాయట, కాగితాల్లో నంబర్లు తప్పుపడ్డాయట. కొడుకు దెబ్బలతో ఏదో ఆసుపత్రిలో మతి లేకుండా పడి ఉండి, కాంట్రాక్టరు పుణ్యమా అని ఇంటికి వచ్చాడు. కాంట్రాక్టరు మంచివాడైపోయాడు. కొడుకు పెళ్ళితో సినిమా ముగిసింది. అన్ని లైట్లూ వేసి ఊడ్చేవాళ్ళు లోపలికి వచ్చేదాకా రాజరత్నం కుర్చీలోంచి లేవలేదు.

బయటికి వచ్చాక చంద్రరావు ఆయన్ను టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, ఎస్టీడీ బూత్ నుంచి అశోక్‌కు ఫోను చేశాడు.

"సినిమా పోయింది చంద్రరావు గారూ" అన్నాడు అశోక్ ముందే. "రేపో ఎల్లుండో తీసేస్తారంట."

"నా సీను ఏం చేశారండీ?"

"నా చేతిలో లేదండి. ఏడుపు ఉంటే కొననన్నారు డిస్ట్రిబ్యూటర్లు. ఆ కామెడీ తర్వాత కలిపారు."

"కొడుకు బతికి రావడమేంటండీ?"

"రాకపోతే జనం రారన్నారు."

"ఇప్పుడు వచ్చారా?"

చంద్రరావు ఫోను పెట్టేశాడు.

బస్సులో రాజరత్నం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. క్షమించమని అడగడానికి చంద్రరావు మాటలు కూడదీసుకుంటున్నాడు. ధవళేశ్వరంలో దిగి కాలవ వంతెన మీద నడుస్తుండగా ఆయనే మాట్లాడాడు. గొంతులో కోపం లేదు.

"పెట్టెలు మారిపోవచ్చు కదండీ."

"అది సినిమా మాస్టారూ."

"సినిమాయే. కానీ వీళ్ళు ఎక్కడో ఏదో వినకుండా రాయరు కదా. మన పెట్టె ఎవరూ తెరవలేదు. పైన కాగితం మీద పేరు చూసి నమ్మాం. ఆ పేరు రాసినవాడు ఆ రోజు ఎన్ని పేర్లు రాశాడో."

ఆ రోజు నుంచి రాజరత్నం ఇంకో మనిషి అయిపోయాడు. సినిమా హాల్లోంచి వెళ్ళిపోయింది, పోస్టరు మీద వేరే పోస్టరు పడింది, ఆయన బుర్రలోంచి మాత్రం పోలేదు. సమాధి తవ్వి పెట్టె తెరిచి చూడడానికి ఒప్పుకోమని పాస్టరు శాంతికుమార్ దగ్గరికి వెళ్ళాడు. పాస్టరు ఆయన చేతులు పట్టుకుని ప్రార్థన చేసి పంపించాడు. ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్తే, పోలీసులు అడగాలి, మిలట్రీవాళ్ళు అడగాలి, మీరు అడిగితే కుదరదన్నారు. ఆఫీసులకు వెళ్ళిన ప్రతిసారీ చంద్రరావు సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. వద్దని చెప్పే నోరు అతనికి లేకపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం సంపూర్ణమ్మ వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"ఐజాక్ మంచానికి కొత్త నవారు అల్లించారు తమ్ముడు గారూ. దోమతెర కొనుక్కొచ్చారు. నిన్న కూర ఎక్కువ వండమన్నారు. దేనికండీ అంటే, వాడు మతిలేకుండా ఏ ఊళ్ళో దిగినా ఎవరో ఒకరు అడ్రసు అడిగి పంపిస్తారు కదా అంటున్నారు."

సూర్యకళ ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. సంపూర్ణమ్మ ఏడవలేదు.

"రెండేళ్ళు పట్టిందండీ, వాడు పోయాడని ఆ మనిషి నోటితో అనడానికి. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. నేను ఏమన్నా అంటే, కన్నతల్లివి, నీకు వాడు బతకడం ఇష్టం లేదా అంటున్నారు. అన్నం తినడం లేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కరు."

చంద్రరావు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

క్రిస్మస్ నెల మొదలవుతుండగా, ఒక ఉదయం చంద్రరావు ఆఫీసుకు బయల్దేరుతుంటే సూర్యకళ వీధిలోంచి ఆదరాబాదరాగా వచ్చింది. రాజరత్నం ఇద్దరు కూలీలను పెట్టుకుని పారలతో సమాధుల తోటకు వెళ్ళాడని చెప్పింది. చంద్రరావు సైకిలు తీసుకుని వెళ్ళేసరికి కూలీలు ఐజాక్ సమాధి పక్కన బీడీలు కాల్చుకుంటూ కూర్చుని ఉన్నారు. రాజరత్నం సమాధి చుట్టూ గడ్డి పీకుతున్నాడు. ఆయన చొక్కా ఒంటి మీద నిలవనంత వదులైపోయింది.

"వచ్చారా" అన్నాడు. "మీరు సాక్షిగా ఉండండి. ఒక్కసారి చూసి మూసేస్తాం. వాడైతే వాడు. కాకపోతే ఆ పిల్లాడెవరో వాళ్ళమ్మకు చెప్పాలి కదండీ."

చంద్రరావు సైకిలు స్టాండు వేశాడు. అంతవరకూ అతనికి ఏం చెప్పాలో తెలియదు. నోరు తెరిచాకే తెలిసింది.

"తవ్వొద్దు మాస్టారూ. నేను చూశాను."

రాజరత్నం గడ్డి పీకడం ఆపాడు.

"ఏం చూశారు?"

"ఐజాక్‌ని. తుని దగ్గర లారీ టీకి ఆగింది. జీపు ముందుకెళ్ళిపోయింది. హవల్దారు ఒక్కడే పైనున్నాడు. నేను బతిమాలితే ఒక పక్క మేకులు వదులు చేసి మూత ఎత్తాడు."

"మీరు నాటకం ఆడుతున్నారు."

"లేదండి."

స్టేజీ మీద అయితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చంద్రరావుకు ఎప్పుడూ తెలుసు. ఇప్పుడు తెలియలేదు. ఒక చెయ్యి సైకిలు సీటు మీద పెట్టి మళ్ళీ తీసేశాడు. రాజరత్నం లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వాడేనని ఎలా తెలుసు?"

"గడ్డం కింద కుట్లండి. చిన్నప్పుడు లాకుల దగ్గర సైకిలు మీంచి పడితే నేనే కదండీ ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. కుట్లు వేస్తున్నంతసేపూ నా వేలు కొరికాడు. ఆ కుట్లు నాకు తెలియవా?"

"ముఖం ఎలా ఉంది?"

"అది అడక్కండి మాస్టారూ."

కాలవలో పడవ ఇంజను చప్పుడు దగ్గరికి వచ్చి, దూరమైపోయింది. కూలీల్లో పెద్దవాడు బీడీ ఆర్పేసి, "తవ్వమంటారా అండీ?" అని అడిగాడు.

"వద్దు. వెళ్ళండి" అన్నాడు రాజరత్నం.

వాళ్ళు పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాక ఆయన సమాధి పక్కన నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు ఏడ్చాడు. పెట్టె వచ్చిన రోజు రాని ఏడుపు అది. చంద్రరావు పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ రెండేళ్ళూ నా పక్కింట్లోనే ఉన్నారు" అన్నాడు ముఖం ఎత్తకుండా. "నాతో రోజూ కాఫీ తాగారు. వేషం కోసం నా దగ్గర కూర్చుని నేనెలా కొట్టానో అడిగారు. నా కొడుకు ముఖం మీరు చూశారు. నేను చూడలేదు. ఆ మాట నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

చంద్రరావు దీనికి సిద్ధపడలేదు. ఆయన నమ్మకపోవచ్చునని భయపడ్డాడు. నమ్మితే ఏమవుతుందో ఆలోచించలేదు.

"మీరు తట్టుకోలేరని..."

"తుని దగ్గర మీకు మూత ఎత్తినవాడు ఇక్కడ నాకు ఎత్తేవాడు కాదా? ఒక్క మాట చెప్తే నేను చూసుకునేవాణ్ణి. మతిలేనివాడిలా కాగితాలు పట్టుకుని ఆఫీసులు తిరుగుతుంటే నా వెనకాలే నడిచారు. అప్పుడూ చెప్పలేదు." ఆయన కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. "నా గుమ్మం తొక్కకండి చంద్రరావు గారూ."

ఆ మధ్యాహ్నం రాజరత్నం అన్నం తిన్నాడు. దోమతెర విప్పి మడతపెట్టించాడు. మంచం నిలబెట్టేశాడు. ఆదివారం చర్చిలో నిలబడి, తన బిడ్డ సమాధిలో ఉన్నాడని సాక్ష్యం దొరికిందని, పునరుత్థానం దాకా అక్కడే నిద్రపోతాడని చెప్పాడు. సాక్షి ఎవరో కూడా చెప్పాడు. అప్పటి నుంచి చంద్రరావును అందరూ అడిగేవారు. ఆఫీసులో అడిగారు, బస్సులో అడిగారు. పాస్టరు ఇంటికే వచ్చి అడిగాడు. తుని, టీ, ఒక పక్క మేకులు, గడ్డం కింద కుట్లు. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా అందరికీ అదే చెప్పాడు. చెప్పినప్పుడల్లా, రాత్రికి అతనికి అన్నం దిగేది కాదు. సూర్యకళ ఒకసారి, "నిజంగా చూశారా?" అని అడిగింది. చూశానన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు గాని, ఆ పూట అతనితో మాట్లాడలేదు.

ఆ ఏడాది పరిషత్తువాళ్ళు కబురు పెడితే ఒంట్లో బాగా లేదని చెప్పించాడు.

క్రిస్మస్ రోజు సాయంత్రం సంపూర్ణమ్మ ఎప్పటిలాగే పళ్ళెంలో కేకూ అరిసెలూ పెట్టుకుని వచ్చింది. ప్రతి ఏడూ ఇద్దరూ కలిసి వచ్చేవారు. సూర్యకళ పళ్ళెం అందుకుని, ఖాళీగా పంపకూడదని అరటిపళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. సంపూర్ణమ్మ గొంతు తగ్గించి అంది:

"పెట్టె తెచ్చిన రోజు పెరట్లో మిమ్మల్ని ఒక మాట అడిగాను. జ్ఞాపకం ఉందా తమ్ముడు గారూ?"

చంద్రరావుకు జ్ఞాపకం ఉంది. బిడ్డను చూశారా అని అడిగింది. చూడనివ్వలేదని చెప్పి ఆమె కంటే ముందు తనే ఏడ్చాడు.

"ఉంది అక్కగారూ."

"ఆయనకు నేను చెప్పలేదు. చెప్పను."

"అక్కగారూ, నేను..."

"వద్దు." ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఆ రోజు నాతో చెప్పింది నిజమో, మొన్న ఆయనతో చెప్పింది నిజమో మీరు నాకు చెప్పకండి. గడ్డం కింద కుట్లు చూశారని విన్నప్పటి నుంచి నేనూ నిద్రపోతున్నాను. నన్నూ అలాగే ఉండనివ్వండి."

సూర్యకళ అరటిపళ్ళతో వచ్చింది. సంపూర్ణమ్మ పళ్ళెం తీసుకుని, వచ్చే నెల రామచంద్రపురంలో తన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నామని, ఇల్లు అద్దెకిస్తామని, మంచివాళ్ళు ఎవరైనా ఉంటే చూడమని చెప్పింది. చంద్రరావు గేటు దాకా వచ్చి సాగనంపాడు. పక్కింటి వరండాలో రాజరత్నం పేపరు చదువుకుంటున్నాడు. గేటు చప్పుడుకు తలెత్తి చూసి, కుర్చీ రెండో వైపుకు తిప్పుకుని కూర్చున్నాడు.